ఊరి పక్కన 60 గేదెల ఫారం, పేడంతా కాలవలోకి... పాడి నిజంగా ఇంత చెరుపా?

కాలవగట్టు
మాది తెనాలి వైపు ఒక ఊరు. మా ఇంటికి రెండొందల గజాల అవతల మూడేళ్ళ కింద ఒకాయన గేదెల ఫారం పెట్టాడు, మొదట పదిహేను, ఇప్పుడు అరవై దాకా ఉన్నాయి. తెల్లారుజామున ఒకసారి సాయంత్రం మూడింటికి ఒకసారి మోటారు వేసి షెడ్డు మొత్తం పైపుతో కడుగుతారు, ఆ పేడనీళ్ళు నేరుగా మా మురుగుకాలవలోకే. చిన్నప్పుడు ఆ కాలవలో చేపలు పట్టేవాళ్ళం. ఇప్పుడు ఈ గట్టు నించి ఆ గట్టు దాకా గుర్రపుడెక్క, నీళ్ళు కనపడవు, కర్రతో డెక్కని పక్కకి నెడితే నల్లటి బుడగలు పైకొస్తాయి. చేతిపంపు నీళ్ళు కూడా తేడాగా ఉన్నాయని మా అమ్మ అంటోంది.

ఇంకో సంగతి. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, స్కూలు ప్రాజెక్టుకి ఏదో చదివి "నాన్నా, గేదెలు తేన్చడం వల్ల భూమి వేడెక్కుతోందంట, మనం పాలు మానేద్దాం" అంది. మా నాన్న నాలుగు గేదెల మీద నన్ను చదివించాడు. ఆ మాట విని చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే అరుగు మీద పెట్టేసి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియలేదు. పాడి నిజంగా అంత చెరుపు చేస్తుందా, లేక ఎక్కడో విదేశాల లెక్క తెచ్చి మన మీద రుద్దుతున్నారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పెరుగన్నం
తేన్పు సంగతి తర్వాత, ముందు పంచాయతీలో కాగితం పెట్టండి. మా వీధి చివర కూడా ఇంతే, వానాకాలం కిటికీలు తీయలేం.

లెక్కలసారు_నల్గొండ
మీ బిడ్డ చెప్పింది తప్పు కాదు. బర్రె కడుపుల మొదటి గది పెద్ద గోలెమంత ఉంటది, అందుల గడ్డి పులుస్తది, ఆ పులిసేకాడ కొన్ని సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తయి. అది దాదాపు మొత్తం నోట్లకెల్లే వస్తది, ఎనకనుంచి వచ్చేది చానా తక్కువ. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ 2006 లెక్కల్ల ఒక్క బర్రెకు ఏడాదికి 55 కిలోల మీథేన్ అని పెట్టిన్రు. వందేండ్ల మీద చూస్తె మీథేన్ బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కంటె 28 రెట్లు వేడి పట్టి ఉంచుతది. 55 ని 28 తోటి గుణిస్తె 1540 కిలోలు. లీటరు పెట్రోలు కాలిస్తె ఆ బొగ్గుపులుసు వాయువు 2.3 కిలోలు వస్తది. అంటె ఒక్క బర్రె ఏడాదికి 670 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. మీ నాయిన నాలుగు బర్రెలు కలిపి ఆరు టన్నులు.

గడ్డివాము
సారూ ఈ లెక్క నేను ఒప్పుకోను. పెట్రోలు భూమి అడుగున కోట్ల ఏళ్ళు పూడిపోయి ఉన్నది, మనం తవ్వి గాల్లోకి కొత్తగా వదులుతున్నాం. గేదె తినే గడ్డి నిన్న మొన్న గాలి పీల్చి పెరిగింది. గేదె వదిలిన మీథేన్ పన్నెండేళ్ళ చిల్లరలో విరిగిపోయి మళ్ళీ గడ్డిలోకే వస్తుంది. మా తాత రోజుల్లో కొట్టంలో ఎన్ని గొడ్లున్నాయో ఇప్పుడూ అన్నే ఉంటే కొత్తగా పెరిగే వేడేముంది? పైగా లారీ పాలివ్వదు, దూడనివ్వదు, పేడ వెయ్యదు. రెండిటినీ ఒక తరాజులో పెట్టడం ఏం న్యాయం.

లెక్కలసారు_నల్గొండ
@గడ్డివాము సగం ఒప్పుకుంటున్న. మంద పెరగకుంటె వేడి కూడ పెద్దగ పెరగదు, నిజమే. కని మంద అట్లనే ఉన్నదా? 2019 పశుగణనల దేశం మొత్తం మీద ఆవులు బర్రెలు కలిపి 30 కోట్లు. 2012 తోటి పోలిస్తె నాటు ఆవులు 6 శాతం తగ్గినయి, సంకరజాతియి 27 శాతం దాక పెరిగినయి. పెద్ద ఒళ్ళు, పెద్ద మేత, పెద్ద తేన్పు. ఇంకోటి, వందేండ్లు కాకుండ ఇరవై ఏండ్ల మీద చూస్తె మీథేన్ 80 రెట్లు. మన పిల్లలు బతికేది ఆ ఇరవై ఏండ్లల్లనే గదా.

మొక్కపాలు
పాలు మానేస్తే సరి. నేను ఆరేళ్ళుగా మానేశాను, సోయా పాలు ఇంట్లోనే చేసుకుంటాను. మీ అమ్మాయిని ఆపకండి. దున్నదూడలు పుడితే ఏమవుతున్నాయో కూడా ఎవరూ మాట్లాడరు ఈ దేశంలో.

పెరుగన్నం
@మొక్కపాలు నా పేరు చూశారుగా, నాతో ఆ మాట అనకండి 🙂

పిడకలమ్మ
@మొక్కపాలు మీరు మానేయండి తప్పులేదు, మీ ఇష్టం. కానీ మా ఊళ్ళో ఒంటరి ఆడవాళ్ళు ఒక్క గేదె మీద ఇల్లు నడుపుతున్నారు. పది రోజులకోసారి పాలబిల్లు వస్తుంది, అది వాళ్ళ చేతికే వస్తుంది. కూలికి పిలవకపోయినా గేదె పిలుస్తుంది. దాన్ని తీసేసి బదులు ఏమిస్తారో చెప్పి అప్పుడు మానమనండి. దున్నదూడల సంగతి మాత్రం మీరన్నది నిజం, నాకూ గుండెల్లో గుచ్చుకుంటుంది.

గొడ్లడాక్టరు
పశువైద్యుడిగా పాతికేళ్ళు చేశాను, ఇక్కడ ఒక విషయం ఎవరూ పట్టుకోవట్లేదు. తలకింత మీథేన్ అని లెక్క వేస్తే అసలు సంగతి కనపడదు, లీటరు పాలకింత అని వేయాలి. పూటకి లీటరున్నర ఇచ్చే గేదె, ఐదు లీటర్లిచ్చే గేదె, తేన్పులో మరీ అంత తేడా ఉండదు. వట్టిపోయి ఏడాది దాటినా ఎదకి రాకుండా కట్టుకొయ్యకి నిలబడ్డ గేదె ఒక్క చుక్క పాలివ్వదు, తేన్పు మాత్రం రోజూ తేన్చుతుంది. మన దగ్గర ఇలాంటివి ఎన్నో. పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనమే ముందు, 2023-24లో 23.9 కోట్ల టన్నులు, కానీ అది ఎక్కువ తలల మీద వచ్చిన మొదటి స్థానం, తలకి ఎక్కువ పాలొచ్చి కాదు.

వేళకి ఎద గుర్తుపట్టి చూడి కట్టే సూది వేయించడం, నట్టల మందు, ఖనిజలవణ మిశ్రమం, ఈ మూడూ సరిగ్గా చేస్తే ఈతకీ ఈతకీ మధ్య ఎడం తగ్గుతుంది. అదే వాతావరణానికి చేసే పెద్ద మేలు, రైతు జేబుకీ మేలు.

ఇక మేత. ఉత్త వరిగడ్డి మీద పెంచితే మీథేన్ ఎక్కువ, పాలు తక్కువ. మాంసకృత్తులు దాంట్లో మూడు నాలుగు శాతమే. యూరియా మాగుడు గడ్డి చేసుకోండి, వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై అరవై లీటర్ల నీళ్ళలో కరిగించి పొరపొరకీ చల్లి తొక్కి, టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. ఆరునెలల లోపు దూడలకి వద్దు. బెంగళూరులో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ళ పశుపోషణ సంస్థ హరిత్ ధార అని ఒక పొడి తయారుచేసింది, చెట్లలో ఉండే టానిన్లతో, మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెప్పారు. మా వైపు రైతు చేతిలో మాత్రం నేనింకా చూడలేదు.

గడ్డివాము
డాక్టరు గారు చెప్పింది బాగుంది గానీ వరిగడ్డే దొరకట్లేదండీ. కోత మిషను వచ్చాక గడ్డి ముక్కలైపోయి చేలోనే పడుతోంది, ఆ తర్వాత చుట్టలు కట్టే మిషనుకి వేరే డబ్బులు, మినుము అదను పోతుందని అంత ఆగేవాళ్ళు లేరు, అగ్గిపుల్ల గీసేస్తున్నారు. ఒక పక్క గడ్డి తగలబడుతుంటే ఇంకో పక్క గేదెలకి మేతలేదు. వరికోత ముందు పిల్లిపెసర, జనుము చల్లేవాళ్ళం, గొడ్లకి పచ్చిమేతా అయ్యేది, నేలకి బలమూ వచ్చేది. అదీ పోయింది.

సీమబోరు
మాది కదిరి పక్క. మీరంతా కాలవ చెడిపోయిందంటున్నారు, మాకాడ కాలవే ల్యా. వానల్లేక శెనిక్కాయ చేన్లు ఎండుకుపోతాంటే జనం ఆవుల్నీ ఎనుముల్నీ నమ్ముకున్నారు. మంచిదే, పంట పోయినా పాలదుడ్డు వస్తాది. కానీ మేత యాడ? ముందు శెనిక్కాయ కట్టె వేసేవాళ్ళం, ఇప్పుడు అందరూ బోరు కింద సూపర్ నేపియర్ కసువు, పచ్చగడ్డి. మా చిన్నాయన మూడు బోర్లు వేయించినాడు, రెండు దుమ్ము లేచినాయి, మూడోది ఏడొందల అడుగులకి అంగుళం నీళ్ళు పడినాయి, ఆ నీళ్ళన్నీ కసువుకే. ఆవు తాగేది యాభై అరవై లీటర్లే, ఆవు తినే కసువు తాగేదానికి లెక్క ల్యా. సాయంత్రం పాల ట్యాంకర్ రోడ్డెక్కి పోతాంటే నాకు మా బోరునీళ్ళే ఎత్తుకుపోతాన్నట్టు కనపడతాది. తేన్పులు గాల్లో కలిసిపోతాయేమో, పాతాళంలో నీళ్ళు మళ్ళీ ఎవురు పోసేది?

పెరుగన్నం
ఎనుములు అంటే గేదెలేనా?

సీమబోరు
గేదెలే సామీ. మీకు గేదె, సారుకి బర్రె, మాకు ఎనుము.

లెక్కలసారు_నల్గొండ
పేర్లు మూడు, తేన్పు ఒక్కటే 😀

ఉప్పల్_ఉష
నీళ్ళ మాట వచ్చింది గాబట్టి మా సంగతి చెప్తా. హైదరాబాద్‌ల తబేలాలకు పచ్చగడ్డి ఏడికెల్లి వస్తదో ఎవరికన్న తెలుసా? మూసీ కెల్లి. పీర్జాదిగూడ, పర్వతాపూర్ దిక్కు నది పక్కపొంటి అంత పారాగడ్డే. నగరం మురుగునీళ్ళ మీదనే అది పెరుగుతది, ఏడాది పొడుగున కోతలే. మా మేనమామ ఇరవై ఏండ్లు కోసిండు. మోకాళ్ళ దాక నీళ్ళల్ల దిగి, కొడవలి తోటి కోసి, మోపు గట్టి, బండికెత్తెటోడు. కాళ్ళ మీద పొక్కులు, గోళ్ళు నల్లగ అయిపోయినయి. ఎండాకాలం ఏడ గడ్డి లేకున్న మూసీ మీద ఉంటది, బర్రెలకు అదే దిక్కు. మురుగు తాగి గడ్డి అయితది, గడ్డి పాలు అయితయి, ఆ పాలే మళ్ళ నగరానికి. ఒక రకంగ మురుగునీళ్ళు వాడకంలకు వచ్చినట్టే, కని ఫ్యాక్టరీల నీళ్ళు గూడ అండ్లనే కలుస్తయి గదా, నాకు అదే భయం.

ఫ్రెస్నో_తెలుగు
నేనుండేది కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో, మా పక్క టులారే కౌంటీ మొత్తం డెయిరీలే. ఒక్కో ఫారంలో వేలల్లో ఆవులు. పేడ, కడిగిన నీళ్ళు అన్నీ చెరువుల్లాంటి గుంటల్లోకి వదులుతారు, గాలి లేకుండా అక్కడే కుళ్ళుతుంది కాబట్టి దాన్నించి కూడా మీథేన్, అది తేన్పు లెక్కకి అదనం. మన ఊళ్ళో ఎండిన పెంటదిబ్బ నించి అంత రాదు. ఇప్పుడు చాలా గుంటల మీద పెద్ద రబ్బరు దుప్పట్లు కప్పి గ్యాస్ పట్టి అమ్ముతున్నారు. కానీ చుట్టుపక్కల చిన్న ఊళ్ళలో బావుల్లో నైట్రేట్ ఎక్కిపోయి, ఎరువుల వల్లా పేడ వల్లా కూడా, జనం సీసా నీళ్ళు కొనుక్కుని తాగుతున్నారు. అంత డబ్బున్న చోట కూడా నీళ్ళు బాగుచేయలేకపోయారు. అందుకే @కాలవగట్టు మీరు చేతిపంపు నీళ్ళు వెంటనే పరీక్ష చేయించండి, నైట్రేట్ అని అడిగి మరీ చేయించండి.

మొక్కపాలు
డెన్మార్క్ వాళ్ళు 2030 నించి పశువుల వాయువుల మీద పన్ను వేస్తున్నారు, టన్నుకి 300 క్రోనర్లు, 2035కి 750. మనకి ఎప్పుడో.

గడ్డివాము
న్యూజిలాండ్ వాళ్ళు కూడా వేస్తామన్నారు, 2024లో వెనక్కి తీసుకున్నారు. అక్కడ వందల ఆవులున్న వాళ్ళే మోయలేమన్నారు. రెండు గేదెలున్న మనిషి మీద తేన్పు పన్నా? ఆ మాట అనకండి దయచేసి. పాలకేంద్రంలో వెన్న శాతం తగ్గిందని వాళ్ళు కోసే కోత చాలు.

గొడ్లడాక్టరు
గాలి, నీళ్ళు సరే. ఇంకో రెండు ఉన్నాయి, నేను చేత్తో చూసినవి.

ఒకటి రాబందులు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నొప్పికీ జ్వరానికీ డైక్లోఫెనాక్ సూది అందరం వేసేవాళ్ళం, చవక, పది నిమిషాల్లో గొడ్డు లేచేది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువుని తిన్న రాబందులకి మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. 2004లో కారణం బయటపడేసరికి దేశంలో రాబందులు నూటికి తొంభై అయిదు పైనే పోయాయి. పశువులకి ఆ మందు 2006లో నిషేధించారు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో. నేను వేసిన సూదుల్లో ఎన్ని ఆ పక్షుల దాకా వెళ్ళాయో అనే ఆలోచన నన్ను వదలదు. మెలాక్సికామ్ వాడితే రాబందుకి ప్రమాదం లేదు, మీ డాక్టర్ని అదే అడగండి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు కనపడ్డాయని విని పనిగట్టుకుని వెళ్ళాను.

రెండోది ప్లాస్టిక్. ఊరిమీద తిరిగే ఆవు కడుపు కోసి తీస్తే కవర్లు తాడులాగా పేనుకుపోయి వస్తాయి, మధ్యలో మేకులు, గాజు ముక్కలు. పుట్టపర్తి కరుణ సొసైటీ వాళ్ళు ఇది చూసి చూసి 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పాల ప్యాకెట్ మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా తెగనీయకండి, ప్యాకెట్‌తోనే ఉండనివ్వండి. ఆ ముక్కలే ఎవరూ ఏరరు.

పెరుగన్నం
డాక్టరు గారూ ఆ ముక్క సంగతి ఇంతవరకూ తట్టలేదు. ఇవాళ్టి నించి మా ఇంట్లో తెగదు.

కాలవగట్టు
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ దండాలు. నిన్న ఫారం ఆయన దగ్గరికి వెళ్ళాను. తగాదాకే వెళ్ళాను నిజం చెప్పాలంటే. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి అన్నాడు, "అరవై గేదెల పేడ రోజుకి టన్ను వస్తుంది, ఎక్కడ పెట్టమంటావు? మొదటి ఏడాది ఊరికే పట్టుకుపొమ్మన్నా, ముగ్గురొచ్చారు. రెండో ఏడాది ఒకడు. తోలకం ఖర్చు ఎక్కువ, యూరియా కట్ట స్కూటరు మీద వస్తుంది" అని. నేను మా చేలవాళ్ళని అడిగాను, వాళ్ళు చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. "మాది కౌలు చేను, పేడ వేస్తే మూడేళ్ళకి గాని బలం తెలియదు, వచ్చే ఏడాది ఈ చేను నాకే ఉంటుందని ఏమిటి" అని. అంటే పేడ కావాల్సిన చేను కాలవకి అవతలే ఉంది, పేడ కాలవలో పోతోంది, యూరియా గుంటూరు నించి వస్తోంది.

పిడకలమ్మ
కౌలు సంగతి నూటికి నూరుపాళ్ళూ నిజం బాబూ. సొంత చేనుకి వేసిన చెయ్యి కౌలు చేనుకి వెయ్యదు.

లెక్కలసారు_నల్గొండ
టన్ను అన్నది సరిపోయింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020ల డెయిరీ ఫారాలకు మార్గదర్శకాలు ఇచ్చింది, 400 కిలోల పశువుకు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ, అంతే లీటర్ల మూత్రం అని అండ్లనే ఉన్నది. కాలవలల్ల పేడ వదలొద్దని కూడ ఉన్నది. ఆ కాగితం పట్టుకొని పోతె ఆయన మీద కేసు కాదు, మాట్లాడనీకి ఆధారం ఉంటది.

గడ్డివాము
ఒక పని వెంటనే చేయొచ్చు, ఖర్చు లేదు. పైపు పెట్టకముందు పారతో పేడ ఎత్తేయమనండి. ఎత్తాక కడిగితే సగం నీళ్ళు చాలు, ఆ నీళ్ళు పల్చగా ఉంటాయి, రెండు గుంటల్లో నిలవబెట్టి పక్కన నేపియర్‌కి పారించుకోవచ్చు. మా బావమరిది ఇదే చేస్తున్నాడు. పేడా నీళ్ళూ ఒకసారి కలిశాయంటే ఇంక దాన్ని మొయ్యడానికీ రాదు ఆరబెట్టడానికీ రాదు. తప్పంతా ఆ పైపుతోనే మొదలు.

పిడకలమ్మ
గోబర్ గ్యాస్ మాట ఎవరూ ఎత్తలేదేం? మా ఇంట్లో 1996 నించి ఉంది, దీనబంధు మోడల్, నేలలో గుండ్రంగా ఇటుకల గుమ్మటం. పొద్దున్నే పేడ ఎన్ని బకెట్లో నీళ్ళు అన్ని బకెట్లు, తొట్టిలో పోసి చేత్తోనే కలుపుతాను, గడ్డిపరకలూ రాళ్ళూ ఏరేస్తాను, అవి లోపలికి పోతే పైన తెట్టు కట్టి గ్యాస్ ఆగిపోతుంది. బిరడా తియ్యగానే గుడగుడమని లోపలికి దిగుతుంది. అవతల వైపు నించి నిన్నటిది జారుతూ బయటికి వస్తుంది, అసలు వాసనే ఉండదు, ఈగ వాలదు. దాన్ని అరటిచెట్లకీ మిరపకీ పోస్తాను. పొయ్యి మీద నీలం మంట, గిన్నె మసిబారదు. చలికాలం గ్యాస్ తగ్గుతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్ళతో కలుపుతాను. మా ఊళ్ళో అప్పుడు పద్నాలుగు కట్టారు, ఇప్పుడు నడుస్తున్నవి రెండు. సిలిండరు వచ్చాక పేడలో చెయ్యి పెట్టడం నామోషీ అయిపోయింది. ఇదే గ్యాస్ కాలవలో బుడగలుగా పోతే చెరుపు, నా పొయ్యిలో మండితే అన్నం. @కాలవగట్టు మీరు కర్రతో నెడితే వచ్చాయన్న నల్ల బుడగలు అవే.

గొడ్లడాక్టరు
గుజరాత్‌లో ఆనంద్ దగ్గర జకారియాపురా అని ఒక ఊళ్ళో ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) వాళ్ళు ఇంటింటికీ ప్లాంట్లు పెట్టించి, బయటికొచ్చిన ముద్దని ఆడవాళ్ళ సంఘం ద్వారా కొంటున్నారు. పాలు పోసినట్టే అదీ పోస్తారు. మన పాలసంఘాలు ఎందుకు చేయవో అడగాలి మనం. రోజూ ఊరూరికీ వెళ్ళే వ్యాను వాళ్ళ దగ్గరే ఉంది.

కాలవగట్టు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నీళ్ళ రిపోర్టు వచ్చింది, నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాముల హద్దు దాటింది. ఫారం వల్లేనా, చేలల్లో యూరియా వల్లా, ఇళ్ళ సెప్టిక్ ట్యాంకుల వల్లా అనేది విడదీసి చెప్పలేం అన్నారు ల్యాబులో. అప్పటి నించి తాగడానికి వేరే నీళ్ళు తెస్తున్నాం. రిపోర్టు చూపిస్తే ఫారం ఆయన చాలాసేపు చూశాడు, ఆయన మనవరాలికి ఎనిమిది నెలలు, పాలడబ్బాలో కలిపేది అదే పంపు నీళ్ళు. మర్నాడు పొద్దున పారల చప్పుడు వినపడింది. పైపు ఇంకా ఉంది గానీ ముందు ఎత్తుతున్నారు. గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు. చేనుకి తోలే ఖర్చు సగం ఆయన పెట్టుకుంటాననే మాట మీద ఇద్దరు రైతులు ఒప్పుకున్నారు. కాలవలో డెక్క అలాగే ఉంది.

మా అమ్మాయి ప్రాజెక్టు మార్చింది. వాళ్ళ తాత చేత కాటా పట్టించి వారం రోజులు మా నాలుగు గేదెల పేడ తూకం వేసింది, నోటుబుక్కు నిండా అంకెలు. ఆయన పారతో ఎత్తి "రాసుకో, పదిహేడున్నర" అని అరుస్తుంటే ఇది రాసుకుంటోంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి గోబర్ గ్యాస్ అంటున్నారు. @పిడకలమ్మ గారూ, రెండు ఘనమీటర్ల ప్లాంటుకి రోజుకి యాభై కిలోలు కావాలంట కదా, మా నాలుగింట్లో ఒకటి చూడిది, ఒకటి వట్టిపోయింది, పేడ చాలుతుందా?

పిడకలమ్మ
పాలు వట్టిపోతాయి గానీ పేడ ఎక్కడికి పోతుంది బాబూ, నాలుగూ ఉన్నన్నాళ్ళూ చాలుతుంది. మీ అమ్మాయి అంకెలు కూడితే మీకే తెలుస్తుంది. గుంత చేతిపంపుకి వీలైనంత దూరంగా తీయండి, ఎండ పడే చోటు చూడండి, మీది డెల్టా నేల కాబట్టి వానాకాలం నీళ్ళు ఊరతాయి, వేసవిలోనే కట్టించండి. మొదటిసారి నింపడానికి ఒక్కరోజు పేడ సరిపోదు, బళ్ళకొద్దీ కావాలి. అది మాత్రం ఫారం ఆయన్ని అడగండి, ఆయన దగ్గర రోజుకి టన్ను ఉందన్నారుగా.